గేటు దగ్గరే కూర చెప్పే మావయ్య

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఉండే మా మావయ్య డ్యూటీ దిగి వస్తూ, గేటు దగ్గరే గాలి గట్టిగా పీల్చి, "ఎండునెత్తళ్లే కదేటే!" అని అత్తయ్యకి కేకేసేవాడు. ఏ కూరైనా సరే, ఎప్పుడూ తప్పలేదు.

ఓ రోజు పొయ్యి మీద నెత్తళ్లు మాడి, ఎండుచేపల వాసన ఇల్లంతా కమ్మేస్తుంటే, పక్కనే కూర్చుని "ఏటి వండతన్నావే?" అన్నాడు. అత్తయ్య పొయ్యి ఆర్పేసింది. అప్పటికే నెలల తరబడి మావయ్యకి ఒక పక్క ముక్కే దిబ్బడ, రుమాలుకి నెత్తుటి చారలు. "డౌన్ లైన్ జామ్, అప్ లైన్ క్లియరే" అని నవ్వేసినవాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. సైనస్‌లో క్యాన్సర్. తొందరగా బయటపడింది కాబట్టి, ఆపరేషన్‌తో మనిషి దక్కాడు. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఆ సంగతి మావయ్య ఒప్పుకోడు. నేను చూడ్డానికి వెళ్లినరోజు కూడా గేటు దగ్గర గాలి పీల్చి, "ఎండునెత్తళ్లే!" అన్నాడు.

"ఔనండీ, ఎలా కనిపెట్టీసారు!" అంటూ అత్తయ్య బీరకాయ కూర మీద మూత పెట్టేసి, ఖాళీ గిన్నె పట్టుకుని పెరటిదారిన పక్కింటికి పరిగెత్తింది.