తొట్టెల మీది తడి తువ్వాల

ఆ మధ్యాహ్నం మా పాప ఏడవలేదు. నాకు అక్కడే తేడాగా అనిపించింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. తార్నాకలో మా ఇల్లు యూనివర్సిటీ గోడకు దగ్గర. క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలిన ప్రతిసారీ మూడో నెల పాప ఉలిక్కిపడి ఏడ్చేది. ఆ రోజు వరసగా పేలుతున్నా తొట్టెలలోంచి చప్పుడు లేదు.

కిటికీలు మూసినా పొగ లోపలికొచ్చి కళ్లు మండేవి. విద్యార్థులు ముఖానికి తడి దస్తీ కట్టుకోవడం చూసి, మా అత్తమ్మ పాప పడుకున్న చీర తొట్టెల మీద తడి తువ్వాల కప్పేది. లోపల తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, చుట్టూ బొంత.

"గాలి ఆడదు అత్తమ్మా, తీసేద్దాం" అని ముందురోజే అన్నాను.

"ఇంతమందిని కని పెంచిన, నువ్వు నాకు చెప్పొస్తవా? ఆ పొగ పీలిస్తే పిల్ల బతుకుతదా?" అంది.

"వదిన బుక్కులల్ల సదివింది గదనే అమ్మా" అని ఆడపడుచు నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

తొట్టెల దగ్గరికి పరుగెత్తాను. తువ్వాల లోపలికి జారి పాప ముక్కుకు అతుక్కుని ఉంది. గడ్డం ఛాతీకి ఆనింది. పెదవులు నేరేడు రంగు. ఎత్తుకుంటే చేతులు వేలాడాయి. వీపు గట్టిగా రుద్దాక ఒక్కసారి ఎగశ్వాస తీసింది.

మా ఆయన బండి తీశాడు. రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచె. "బంద్ ఉన్నది, ఎన్కకు పో" అన్నాడు కానిస్టేబుల్. పాప ముఖం చూపించాకే కంచె జరిపాడు. దారి పొడవునా పాప ముక్కు కింద నా వేలు పెట్టుకునే కూర్చున్నాను.

ఆసుపత్రిలో రక్తంలో ఆక్సిజన్ పడిపోయిందన్నారు. ఆక్సిజన్ పెట్టి పిల్లల ఐసీయూలోకి తీసుకెళ్లారు. గుండెకు ఈసీజీ, ఇన్ఫెక్షన్ ఉందేమోనని సెప్సిస్ స్క్రీన్, మెదడుకు ఈఈజీ చేశారు. "ఇంత కేర్‌లెస్ మదర్స్ ఉంటారా అండీ?" అన్నాడు జూనియర్ డాక్టరు, అందరూ వింటుండగా. పక్కనే ఉన్న అత్తమ్మ తువ్వాల మాట ఎత్తలేదు. నేనే చెప్పాను.

పెద్ద డాక్టరు మాత్రం కోప్పడలేదు. "మెడ నిలవని పిల్లలమ్మా. తల ముందుకు వంగితే చాలు, ఊపిరి దారి మూసుకుపోతుంది. పైన తడిబట్ట కూడానా!"

కోలుకుంటోంది అనుకోగానే జ్వరమొచ్చింది. కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నారు. మళ్లీ ఆక్సిజన్. డిశ్చార్జి రోజున, "బ్రెయిన్‌కి దెబ్బ తగిలిందా అన్నది ఇప్పుడే చెప్పలేం. మెడ నిలపడం, కూర్చోవడం లాంటి మైల్‌స్టోన్స్ గమనిస్తూ ఉండండి" అన్నారు. ఆ మాటతోనే ఇంటికి వచ్చాం.

చీర తొట్టెల విప్పేశాను. మంచం మీద పల్చని గట్టి పరుపు వేసి, పాపను వెల్లకిలా పడుకోబెట్టాను. "దిక్కులేని పిల్ల లెక్క పండవెట్టినవ్" అని అత్తమ్మ గొణిగింది. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి పాప మెత్తటి బూరుగుదూది పరుపు మీద బోర్లా ఉంది. ముఖం సగం దిండులో కూరుకుపోయింది. పాపను ఎత్తుకుని, అత్తమ్మ చూస్తుండగానే దిండు చింపేశాను. ఆవాలు హాలంతా చెల్లాచెదురయ్యాయి.

"పెద్దామె గదా, జర సర్దుకో" అన్నాడు మా ఆయన.

సర్దుకోలేదు.

పాప మెడ ఆలస్యంగా నిలిపింది. కూర్చోవడం ఇంకా ఆలస్యం. పక్కింటి పిల్లలు పాకుతుంటే చూసి తలుపు వేసుకునేదాన్ని. మొదటిసారి 'అమ్మా' అన్న రోజు వంటింట్లో పొయ్యి ఆపేసి, ఆ మాట మళ్లీ మళ్లీ అనిపించుకున్నాను.

ఇప్పుడు మెట్టుగూడలో ఉంటున్నాం. పాప పెద్దదైంది, బాగా చదువుతోంది, నాతో వాదించి గెలుస్తుంది. ఆడపడుచు కొడుకు తొట్టెల పండుగలో చుట్టాలందరి ముందు నేను దిండూ బొంతా తీసి బయట పెట్టినందుకు ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆ పిల్లవాడు మాత్రం సెలవులకు మా ఇంటికే వస్తాడు.

చదివే తల్లులకు ఒక్కటే చెబుతాను. ఏడాది నిండేదాకా బిడ్డను గట్టి, చదునైన పరుపు మీద, మీ గదిలోనే కానీ మీ పక్కలో కాకుండా విడిగా, వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు, బొంత, కప్పిన గుడ్డ ఏవీ వద్దు. పొగ వస్తే బిడ్డను కప్పకండి, ఎత్తుకుని పొగ లేని చోటికి వెళ్లండి. పెద్దవాళ్లు అలుగుతారు. అలగనివ్వండి.