వెనక నుంచి పిలుపు

నగరి నుంచి తిరుపతి వెళ్లే బస్సులో, మేం ఏడాది కిందట తీసిన సినిమాను ఫోన్‌లో చూసుకుంటున్నాను. మరమగ్గాల చప్పుడులో పెరిగే పేద పిల్లల కథ. నటులెవరూ లేరు, అంతా ఆ మగ్గాల వీధి పిల్లలే. కెమెరా నాది. సినిమా ఇంకా బయటికి రాలేదు.

ఒక పిల్ల సంచీ పట్టుకుని, పనికోసం మద్రాసు బస్సెక్కడానికి నడిచిపోతోంది. అప్పుడు నా వెనక సీటులోంచి ఓ ఆడగొంతు వినిపించింది.

"ఇప్పుడు తిరిగి సూస్తాది, సూడప్పా."

పిల్ల తిరిగి చూసింది.

"మీకెట్లా తెలుసమ్మా?" అన్నాను, తల తిప్పకుండానే.

"పిలిచింది నేనే కదా. అది నా కూతురు. మొగం కనపడల్లంట, పిలవమన్నాడు కెమెరా ఆయన. నిజంగానే పయనమై పోయే బిడ్డని వెనక నుంచి పిలవకూడదని తెలిసీ పిలిచినాను. మళ్లీ ఇంటికి రాలేదప్పా. యాడుండాదో."

ఆ పిలవమన్నవాణ్ణి నేనే. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాను.

నేను దిగాల్సిన ఊరు కాకపోయినా పుత్తూరులో దిగేశాను. నాలుగడుగులు వేశానో లేదో, కిటికీలోంచి ఆమె పిలిచింది, మెల్లగా, నా పేరు పెట్టి.

బస్సులో నేను పేరు చెప్పనే లేదు.

తిరిగి చూశాను.