అంగుళానికి ఎనిమిది నూళ్లు

మొన్న దెందులూరు దగ్గర మా మేనకోడలు నడిపే వర్క్‌షాపుకి వెళ్లి, ఫ్యాను తగిలే కుర్చీ ఒకటి చూసుకుని కూర్చున్నాను. చేపల చెరువుల్లో నీళ్లని చిలికి గాలి పట్టించే చక్రాలు చేస్తారు వాళ్లు. ఎవరో పంపిన డ్రాయింగు తను కంప్యూటర్లో తెరిస్తే, రెండడుగులుండాల్సిన చక్రం రూపాయి బిళ్లంత కనబడింది. అంగుళాల్లో గీసినదాన్ని మిల్లీమీటర్లనుకుందట ఆ యంత్రం. తను కంగారేం పడలేదు, ఇరవై అయిదు పాయింట్ నాలుగు రెట్లు పెంచి, పక్కనున్న పాత చక్రం మీద టేపు పెట్టి ఒక కొలత సరిచూసుకుని, నాకు టీ తెప్పించి, "మీ రోజుల్లో ఇలాంటివి వచ్చేవా మావయ్యా?" అని అడిగింది.

అడక్కూడని మనిషిని అడిగింది. తాడేపల్లిగూడెంలో కుర్రతనంలో పనిచేసినప్పుడు, కంప్యూటర్ డ్రాయింగులో తప్పుని ఒక్క చూపుతో పట్టేసి, మండవల్లి రైతు చెరువులో లక్ష చేపల్ని బతికించానని నేను ఎన్ని పెళ్లి భోజనాల దగ్గర చెప్పానో లెక్కలేదు. మొదట్లో అవి వేలల్లోనే ఉండేవి. చెప్పినకొద్దీ పెరిగాయి.

ఆ రోజు మాత్రం, తను టేపు పెట్టి చూసుకోవడం కళ్లారా చూశాక, పాత కథ నోట్లోంచి రాలేదు.

జరిగింది ఇదండీ. మా షావుకారు గారు ముచ్చటపడి కంప్యూటరు కొన్నారు. ఏలూరులో ఆరు వారాలు నేర్చుకొచ్చిన నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. నూనె మరకల బనియన్ల మధ్య ఇస్త్రీ చొక్కాతో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, నా బుర్ర ఎక్కడుండేదో మీరే ఊహించుకోండి. అప్పటిదాకా ఏ ముక్క పోత పోయించాలన్నా కొలిచి, చెక్కతో నమూనా చేసేది మా పెద్ద మేస్త్రీ గారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లే, గట్టిగా ఒక మాట అని ఎరగని మనిషి. ఇకమీదట ఆయన కొలతలు చదవాలి, నేను గీయాలి, నా కాగితం పట్టుకుని ఫౌండ్రీ వాళ్లు పోత పోయాలి అన్నారు షావుకారు గారు.

మండవల్లి రైతు చక్రం మధ్యనుండే ఇనుప బిళ్ల విరిగితే పట్టుకొచ్చాడు. తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండీ, తొందరగా చూడండి అని వెళ్లాడు. మేస్త్రీ గారు ఇరుసు రంధ్రం ఒకటి మూడు, అంచు తొమ్మిది ఆరు అని చదువుతుంటే, ఒకటి పాయింట్ మూడు, తొమ్మిది పాయింట్ ఆరు అని నేను టకటకా కొట్టేశాను. నా ఈడువారికి చెప్పక్కర్లేదు, అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. ఆయన చదివింది అంగుళాలూ నూళ్లూ. అచ్చయిన కాగితం మిల్లీమీటర్లలో వచ్చేది కనక ఆయనకీ అంతుపట్టలేదు.

పోత పోసి తెచ్చిన బిళ్లలో ఇరుసు దూరలేదు. నేను బొమ్మ మొత్తాన్ని ఆ రంధ్రానికి సరిపోయేదాకా పెంచి మళ్లీ పంపాను. ఈసారి ఇరుసు దూరింది, అంచు పెద్దదైపోయి బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. రైతు చూస్తుండగానే షావుకారు గారు, "కంప్యూటరు తప్పు చెప్పదు కదండీ మేస్త్రీ గారూ, మీకే చూపు తగ్గినట్టుంది" అన్నారు. ఎంత మెత్తగా అన్నా, ఇరవై మంది విన్నారు.

అందరూ వెళ్లాక ఆయన నా తెర ముందుకొచ్చి, నేను కొట్టిన ఒకటి పాయింట్ మూడు మీద వేలుపెట్టి చూపించారు. "ఇదేంటి బాబూ, మూడంటే మూడు నూళ్లు కదా. అంగుళానికి ఎనిమిదండీ, పది కాదు."

కూర్చుని పాయింటు తర్వాతి ఒక్కో అంకెనీ ఎనిమిదితో భాగించి బొమ్మ మొదటినించీ గీశాను. మూడో బిళ్ల చక్కగా కూర్చుంది. షావుకారు గారు నా భుజం తట్టి, ఎలా పట్టావోయ్ అంటే, కొలతలన్నీ మళ్లీ సరిచూశానండీ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మేస్త్రీ గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన నా వైపు ఒకసారి చూసి, రంపం అందుకున్నారు.

మర్నాటినుంచి టేపు నా చేతికొచ్చింది. కొలవమని ఆయన్నెవరూ పిలవలేదు. కొన్నాళ్లకి నల్లజర్లలో తలుపులు చేసే చోటికి మారిపోయారని విన్నాను. చేపల సంగతంటారా, మా బిళ్ల కోసం ఆగకుండా ఆ రైతే ఇంజను తెచ్చి నీళ్లు ఎగజిమ్మి బతికించుకున్నాడు.

మా మేనకోడలు అంతా విని, "ఆయనకి తర్వాతైనా చెప్పారా?" అంది. నల్లజర్ల మీదుగా బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో చెప్పాను. దిగలేదని తనకే అర్థమైంది.

కొత్త యంత్రాలు డ్రాయింగు తెరవబోయే ముందు, ఇవి అంగుళాలా మిల్లీమీటర్లా అని అడుగుతాయట. మొన్న తనే తొందరలో చూసుకోకుండా నొక్కేసిందట. మా రోజుల్లో అలా అడిగే యంత్రం లేదు గానీ, అడిగితే చెప్పే మనిషి నాకు మూడడుగుల దూరంలోనే ఉండేవాడు. ఇప్పుడు స్టీలు టేపు ఎక్కడ కనబడినా, అంగుళానికీ అంగుళానికీ మధ్య నూళ్లని గోటితో లెక్కపెడుతుంటాను. ఎనిమిదే ఉంటాయి.