కండక్టరు మామ లెక్క

మా మామగారు ధనంజయ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే, అలవాటు నుంచి కాదు. పెళ్ళికి పోయినా, గుడికి పోయినా, ఇంటిల్లిపాదీ బయలుదేరే ముందు ఆయన ఓ పక్కన నిలబడి పెదాలు కదుపుతూ మనుషుల్ని లెక్కపెడతారు. సరిపోతే "రైట్ రైట్" అంటారు. ఆ మాట వినబడ్డాక మా ఇంట్లో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. చూస్తే ఆయనకు కోపం కూడాను.

చిత్తూరు నుంచి వేలూరికి, మదనపల్లెకు, పుత్తూరుకు తిరిగి తిరిగి రాటుదేలిన మనిషి. మామిడి కాలంలో నడవ నిండా గంపలు పెట్టి దబాయించే వాళ్ళనూ, చిల్లర దగ్గర గొంతు చించుకునే వాళ్ళనూ సముదాయిస్తూ, కుదుపుల్లో కమ్మీ కూడా పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టారు. దారిలో చెకింగ్ వాళ్ళు ఎక్కి లెక్కపెడితే, కొట్టిన టికెట్లూ బస్సులో తలలూ సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా కండక్టరు మెడకే చుట్టుకుంటుంది. "నా సర్వీసులో ఒక్క మెమో లేదు సూడండి" అని నా పెళ్ళిచూపుల్లో మా నాయనతో చెప్పారు. అబ్బాయి ఎలాంటివాడని అడిగితే వచ్చిన జవాబు అది.

నాకు నోరెక్కువ అని అత్తగారింట్లో పేరు. ఉన్న మాట అనడమే నోరెక్కువ అయితే, ఎక్కువే. ఈ ఎండాకాలం ఆ నోటిని చాలా రోజులు బిగబట్టుకోవాల్సి వచ్చింది. కారణం మా లోహిత. దానికి రెండేళ్ళు నిండి కొన్నాళ్ళయింది. నేనూ మా ఆయన నవీన్ తిరుపతిలో ఉంటాం. ఆయన నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీకి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కుతాడు. నేను మళ్ళీ ల్యాబ్ ఉద్యోగంలో చేరాల్సిన సోమవారం దగ్గరపడింది. పాపను చూసుకుంటానన్న మా అమ్మకు మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. చిత్తూరులో మా అత్త శకుంతలమ్మకు, మంచం దిగలేని మామ తల్లి నాగులమ్మ జేజిని చూసుకోవడంతోనే పొద్దు గూకుతుంది. ఇక మిగిలింది మామ. "వారమంతా పాప నా కాడ ఉంటాది. శనివారం వచ్చి సూసుకోండి" అన్నారు. నవీన్ తలూపేశాడు. నేను ఊపలేదు. ఊపలేదని ఎవరూ గమనించలేదు.

పాప అందరికీ మచ్చిక కావాలని సముద్రం ప్రయాణం పెట్టింది కూడా మామే. నాయుడుపేటలో లాడ్జి తీసుకుని రెండు రోజులు, పొద్దునా సాయంత్రం తూపిలిపాళెం బీచికి. మా కారు ఒకటి, చిత్తూరు నుంచి డిల్లీబాబు అనే డ్రైవరుతో మాట్లాడుకున్న బాడుగ కారు ఒకటి. జేజిని ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చుకున్నారు. మా ఆడపడుచు కోమలి కూడా వచ్చింది. ఆమె భర్తకు సెలవు దొరకలేదు. పాప కోమలిని వదిలేది కాదు, రానూపోనూ బాడుగ కారులో ఆమెతోనే.

ఆ రెండు రోజులూ నేను సముద్రాన్ని చూసింది లేదు, మామను చూస్తూ ఉన్నాను. పాప నోట్లో ఇసుక పెట్టుకుంటే ఆయన నవ్వేవారు. నీళ్ళ వైపు పరిగెత్తితే పక్కన నడిచేవారే గానీ చెయ్యి పట్టుకునేవారు కాదు. ఒకసారి అల వచ్చి దాని నడుము దాకా తాకింది. నేను పరిగెత్తి లాక్కున్నాను.

"నేను ఉండాను గదమ్మా" అన్నారు మామ.

"ఉన్నారు మామా. చెయ్యి పట్టుకోలేదు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అత్త నన్ను గుచ్చి చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం జయరావు అనే ఆయన చేపల వేపుడు అంగట్లో తిన్నాం. తాటాకు పందిరి, వెనక నీడలో ఒక నులక మంచం. జయరావు భార్య తిరుమలమ్మ అడగకుండానే మంచం మీద దుప్పటి పరిచింది. కోమలి పాపకు చేప ముళ్ళు తీసి అన్నం పెట్టి అక్కడ పడుకోబెట్టింది. ఎండ తగ్గాక అందరం సర్దుకున్నాం. రాత్రికి చిత్తూరు చేరాలని హడావిడి. జేజిని ఎత్తి కారులో కూర్చోబెట్టడానికి నవీన్, డిల్లీబాబు తంటాలు పడుతున్నారు. నేను పందిరికి ఇంకో పక్క కాళ్ళు కడుక్కుంటున్నాను. కోమలి పాప పసుపుపచ్చ తువ్వాలును భుజాన వేసుకుని బాడుగ కారు వైపు పోవడం చూశాను. తువ్వాలులో బరువుగా ఏదో ఉంది. నా బిడ్డ నిద్రపోతోంది అనుకున్నాను. అందులో ఉన్నవి తడి బట్టలు. నేను పందిరి పక్కకు పోవడం చూసి, వదిన పాపను ఎత్తుకొస్తోంది అనుకుందట కోమలి.

మామ రెండు కార్ల మధ్య నిలబడ్డారు. అటు చూశారు, ఇటు చూశారు. పెదాలు కదిలాయి. "ఆరుమంది. సరిపోయినారు. రైట్ రైట్" అన్నారు.

దారి పొడవునా ఆయన సోమవారం గురించే మాట్లాడారు. వాకిలి గేటుకు పైన గడియ పెట్టించారట. నీళ్ళ తొట్టికి మూత చేయించారట. "బిడ్డ నా కంటి ముందర నించి కదలదు సుజనా. నువ్వు దిగులు పడొద్దు" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వద్దు అని ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను.

నాయుడుపేట ఇంకాస్త దూరం ఉందనగా టీ అంగడి దగ్గర ఆగాం. బాడుగ కారు వెనకే వచ్చి ఆగింది. అత్త దిగింది, కోమలి దిగింది. నేను పోయి వెనక సీట్లోకి తొంగి చూశాను. జేజి ఒక్కతే కునుకుతోంది.

"పాప యాడ?" అన్నాను.

కోమలి నవ్వింది. "మీ కారులో గదా వదినా?"

నా మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి మా కారు వైపు చూశాం. నవీన్ ఒక్కడే తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. అరిచానో లేదో నాకు తెలియదు. టీ తాగుతున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు కాబట్టి అరిచే ఉంటాను.

"ఉండండమ్మా, ఉండండి" అంటూ మామ వచ్చారు. "నేను లెక్క సూసినాను. ఆరుమంది సరిపోయినారు."

"పాపను కలుపుకొని ఆరా మామా?"

"ఒళ్ళో బిడ్డకు టికెట్టు లేదు గదమ్మా" అన్నారు.

నోటి నుంచి దానంతట అదే వచ్చేసిన మాట అది. అన్న తర్వాత ఆయనకే అర్థమైంది. బస్సులో తల్లి ఒడిలో ఉన్న బిడ్డను లెక్కలో కలిపితే టికెట్లు తప్పుతాయి. ఆ చిన్న తలను దాటేసి పోవడం ఏళ్ళ తరబడి ఆయన కంటికి అలవాటు. బిడ్డ ఉందా లేదా అని పొరబడడం కాదు, అసలు బిడ్డ కోసమే చూడలేదు ఆ కన్ను. చేతిలోని టీ గ్లాసు జారి కింద పడింది. ఆయన దాన్ని చూడలేదు కూడా.

"నాయనా, ఎక్కు!" అని నవీన్ కేకేశాడు. అత్తను, కోమలిని వెనక రమ్మని మేము ముగ్గురం వెనక్కి తిరిగాం.

ఆ అంగడి ఫోన్ నంబరు మా దగ్గర లేదు. నవీన్ పోలీసులకు ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు. ఎంతసేపట్లో అంటే చెప్పలేకపోయారు. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ కొట్టి కొట్టి నవీన్ తిట్టడం మొదలుపెట్టాడు. మామ కారు దిగి, చేతులు ఊపుతూ, గొర్రెలను తోసుకుంటూ ముందు నడిచారు. ఆయన చొక్కా వీపున చెమటకు అతుక్కుపోయింది. నాకు జాలి కలగలేదు. నా బిడ్డకు ఏమన్నా అయితే ఈ మనిషి ముఖం జన్మలో చూడను అని పైకే అన్నాను. నవీన్ విన్నాడు. తిరిగొచ్చి కూర్చుంటున్న మామ కూడా విన్నారు.

బీచికి చేరేసరికి పొద్దు వాలిపోతోంది. గాలి లేచింది. మధ్యాహ్నం పాప ఆడిన ఇసుక మీదికి నీళ్ళు వచ్చేశాయి. కారు ఆగీ ఆగకముందే దూకి పరిగెత్తాను. జయరావు అంగడి కట్టేసి ఉంది. పందిరి వెనక మంచం ఉంది. మంచం మీద దుప్పటి లేదు, పాప లేదు. మంచం పక్క నుంచి చిన్న చిన్న పాదాల గుర్తులు కొంత దూరం సముద్రం వైపు పోయి, తడి ఇసుక దగ్గర ఆగిపోయాయి.

అవి పొద్దుటివి కావచ్చు, ఇంకెవరి బిడ్డవో కావచ్చు. ఆ ఆలోచన ఆ క్షణంలో ఎవరికి వస్తుంది? నవీన్ సరుగుడు తోపు వైపు పేరు పెట్టి అరుస్తూ పోయాడు. నేను నీళ్ళలోకి దిగాను. అల మోకాళ్ళకు తగిలింది. రెండోది తొడల దాకా వచ్చి కింది ఇసుకను లాగేసింది. నాకు ఈత రాదు. కాళ్ళు ఆగిపోయాయి. అక్కడే నిలబడి "లోహితా" అని అరుస్తున్నాను.

నా పక్క నుంచి మామ దాటిపోయారు. చెప్పులతో, పంచతో, జేబులో ఫోన్‌తో. ఈత ఆయనకూ రాదు. నడుము దాకా పోయారు. ఛాతీ దాకా పోయారు. అల వచ్చి మీద పడితే మునిగి, దగ్గుతూ లేచారు. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి అటూ ఇటూ దేవుతున్నారు. "తల్లీ, నా తల్లీ, యాడుండావే" అంటున్నారు. ఆ గొంతు ఆయనది అంటే నమ్మలేం. బస్సు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు, ముక్కలైపోయింది.

"ఏమ్మా! ఓమ్మా! బిడ్డ ఈడుంది!"

ఒడ్డు మీద తిరుమలమ్మ. చంకలో నా లోహిత. దాని చేతిలో సగం తిన్న బిస్కెట్టు.

ఎట్లా పోయి లాక్కున్నానో తెలియదు. తిరుమలమ్మ ఒగరుస్తూ చెప్పింది. "మీ కార్లు పోయినాక లేచి ఒకటే ఏడుపు. మా ఆయన బండేసుకుని మిమ్మల్ని ఎతుక్కుంటా వాకాడు దాకా పోయినాడు. నేను ఇంటికి తీసకపొయ్యి పాలు తాపినా. నా కన్నబిడ్డ మాదిరి సూసుకున్నా, బయపడొద్దు." దారిలో ఎదురొచ్చిన బండ్లను మేం చూసిందెక్కడ? ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. దండం కూడా పెట్టలేకపోయాను, పాపను వదిలితే గదా.

మామకు ఇదేమీ తెలియదు. గాలికి కేక అందలేదు. ఆయన ఇంకా లోపలికి పోతున్నారు. తల ఒక్కటే కనబడుతోంది, అదీ అల వచ్చినప్పుడల్లా పోతోంది. తోపు నుంచి పరిగెత్తుకొచ్చిన నవీన్ నీళ్ళలోకి ఉరికాడు. "నాయనా, పాప దొరికింది! రా నాయనా!" అని చెప్పినా ఆయన వినిపించుకోలేదు. నడుము పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ఇసుక మీద కూలబడి మామ ఉప్పునీళ్ళు కక్కారు. తల ఎత్తి పాపను చూశారు. చెయ్యి చాచలేదు. చూపు తిప్పుకున్నారు.

అత్తావాళ్ళ కారు వచ్చింది. కోమలి పాప కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. జేజి కారులోంచే దిష్టి తీసింది. జయరావు తిరిగొచ్చాడు, మమ్మల్ని చూసి బండి మీదే తల పట్టుకుని నవ్వాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మామ మాత్రం వణుకుతూ పోయి బాడుగ కారు ముందు సీట్లో, మాకు దూరంగా కూర్చున్నారు.

బయలుదేరబోతుంటే ఆయన నన్ను పిలిచారు. నేను పాపను భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి పోయాను.

"సోమవారం వద్దు సుజనా. పాపను నా కాడ ఇడవొద్దు. తిరుపతిలోనే ఎవురన్నా మంచి ఆయమ్మను సూసుకోండి. నేను చెప్పినానని నవీన్‌కు చెప్పు."

దారంతా నేను కూడబలుక్కున్న మాట అదే. ఇప్పుడు ఆయనే అనేశారు. సరే మామా అంటే చాలు, పని అయిపోతుంది. ఆయన వేళ్ళ చివర్లు ముడతలు పడి తెల్లబడి ఉన్నాయి. నీళ్ళలో దేవిన వేళ్ళు. కన్నతల్లిని నేను తొడలోతులో ఆగిపోయాను. ఈయన ఆగలేదు. నవీన్ పోయి ఈడ్చుకురాకపోతే ఆగేవారు కాదు. వారమంతా నా బిడ్డను ఎవరి దగ్గర వదలాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ నలిగిపోయానో, ఆ మనిషి నా ఎదుట కూర్చుని నన్ను కన్నెత్తి చూడలేకపోతున్నారు.

కారు తలుపు తెరిచి పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను.

మామ చేతులు పైకెత్తేశారు, ముట్టుకోవడానికి భయపడుతున్నట్టు. "నా బట్టలన్నీ తడి. పాప తడిసిపోతుందమ్మా" అన్నారు.

"తడవనీండి" అన్నాను. "సోమవారం పొద్దున్నే దాని బట్టలు సర్దుకుని వస్తాను. గట్టిగా పట్టుకోండి మామా."