చచ్చిన కణాలు మింగాయి

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కాశీబుగ్గలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. కంటికి కనబడనిది ఏదైనా ఉంటే మైక్రోస్కోపులో కనబడాలి, అంతే అనుకునేదాన్ని.

మా మేనత్తది అక్కుపల్లి దగ్గర పల్లె. జీడితోటలో గింజలేరుతుంటే కాల్లో ముల్లు దిగింది. సుగరు మనిషి, పట్టించుకోలేదు. కాలు వాచి, జ్వరం ముదిరి, మా ల్యాబు పక్క ఆసుపత్రికి తెచ్చేసరికి తెలివి లేదు. మందులు ఎక్కిస్తున్నా తగ్గలేదు.

పుండులోని చీము స్లైడు మీద రాసి, మంట మీద ఆరబెట్టి, రంగులు వేసింది నేనే. ఆ గాజు మీద ఇక ప్రాణమున్నదేదీ ఉండదు.

మామూలుగా చీములో నెత్తుటి తెల్లకణాలు క్రిములను చుట్టుముట్టి మింగేస్తాయి. వాటి లోపల ఊదారంగు చుక్కల్లా క్రిములు కనబడతాయి. ఆ మధ్యాహ్నం క్రిములన్నీ బయటే ఉన్నాయి, గుత్తులు గుత్తులుగా. పక్కనే ఉన్న తెల్లకణాలు ఒక్కదాన్నీ ముట్టలేదు. ఫోనులో ఫొటో తీశాను. డాక్టరుగారిని పిలిచి చూపించాను.

"ఒళ్లు పోరాడ్డం మానేసిందమ్మా. కాలు తీసేయాలి," అని ఆయన ఏర్పాట్లకు వెళ్లిపోయారు.

అంతలో కరెంటు పోయింది. నేను కుర్చీలోంచి కదల్లేదు, స్లైడునీ కదపలేదు. కరెంటు రాగానే మళ్లీ కన్ను పెట్టాను.

బయట ఒక్క గుత్తే మిగిలింది. దాని పక్కనున్న కణం అంచు మెల్లగా సాగింది, గుత్తి చుట్టూ తిరిగి మూసుకుంది. గుత్తి లోపలికి పోయింది. డాక్టరుగారిని మళ్లీ కేకేశాను.

డాక్టరుగారు మళ్లీ వచ్చి చూశారు. ఫొటో చూశారు. "వేరే స్లైడు పెట్టుంటావు," అన్నారు. ఆ రోజు నేను చేసిన స్లైడు అదొక్కటే.

వార్డుకి పరిగెత్తాను. అత్త కళ్లు తెరిచి ఉంది. ఒళ్లంతా చెమట, జ్వరం దిగిపోయింది. పడిపోయిన నాటి నుంచి నోట్లో మెతుకు పడలేదు కదా అని మావయ్య గంజి పట్టబోతే చేత్తో నెట్టేసింది.

"నానొల్లను. కడుపు నిండిపోనాది. ఇప్పుడే కదా తిన్నాను."

"ఏటి తిన్నావత్తా?" అన్నాను.

"ఏటో అమ్మీ... సిన్న సిన్నవి. సానా తిన్నాను," అంది, పెదాలు తుడుచుకుంటూ.

కాలు తీయలేదు. మందులే పనిచేశాయని డాక్టరుగారు అంటారు, కావచ్చు. మంట మీద చచ్చిన కణం ఆ గాజు మీద కదలడం మాత్రం నేను కళ్లారా చూశాను. అత్త ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఆ వేళ ఏం తిన్నదో ఆమెను మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.