గణపతిరావు గారి పసుపు కార్డులు

గణపతిరావు గారికి మనుషులు కనబడరు, సందర్శకులు మాత్రమే కనబడతారు. ఎదురుగా ఎవరు నిలబడినా ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళి ఒక పసుపు కార్డుతో బయటికొస్తుంది. దాని మీద నాలుగు గళ్ళు: పేరు, ఊరు, ఏం కావాలి, మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలి. ఆ నాలుగూ నిండేదాకా ఆయన ఎవరినీ వదలరు.

ఒకసారి కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరితే, సూది వెయ్యడానికొచ్చిన డాక్టరుకే కార్డు రాశారు. ‘ఏం కావాలి’ గడిలో ‘నేను కదలకుండా ఉండడం’ అనీ, ‘మళ్ళీ ఎప్పుడు’ గడిలో ‘వద్దు’ అనీ ఉంది. ఆయన భార్య కుసుమకుమారి గారి పేరిటా ఒకటుందట. అందులో ఏం కావాలంటే ‘ఈయన కాసేపు నోరు మూసుకోవడం’, మళ్ళీ ఎప్పుడంటే ‘రోజూ’. ఈ సంగతి ఆవిడే గర్వంగా చెప్పారు.

ఈయనకి కోటబొమ్మాళిలో చిన్న కంపెనీ ఉంది. చేపల్ని ఇసకలో పరిచి సగం కాకులకి అప్పగించే బాధ లేకుండా, గాజుమూత పెట్టెలో ఎండవేడికే శుభ్రంగా ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్లు తయారుచేస్తారు. నేను అందులో నాణ్యత పరీక్షించే ఉద్యోగిని. సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువు చేపలకి ఎంత ఉపయోగపడిందో తెలీదు గానీ, పాప పుట్టాక పూర్తిగా నా మీదికే తిరగబడింది. పాప నేల మీద చెయ్యి పెడితే మామూలు తల్లికి దుమ్ము కనబడుతుంది. నాకు క్రిములు లాటిన్ పేర్లతో సహా కనబడతాయి. పాప నిద్రపోతే నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టి గ్రాఫు గీసేదాన్ని. ఆ గ్రాఫు చూసి మా ఆయన భాస్కర్‌కి ఊపిరాడేది కాదు.

2017 ఫిబ్రవరిలో విజయనగరంలో చిన్న పరిశ్రమల ప్రదర్శన పెట్టారు. అక్కడ మాకు మూడు రోజులు స్టాల్ దొరికింది. పదిహేను రోజుల ముందే గణపతిరావు గారు షెడ్డులో సుద్దతో పదడుగుల చదరం గీసి, ఇదే మన స్టాల్ అన్నారు. లోపల కుర్చీ ఉండకూడదు. చేతులు కట్టుకుని నిలబడకూడదు. ఏమీ నమలకూడదు. ఫోన్లు ఆయన దగ్గరుండే బిస్కెట్ డబ్బాలో పడెయ్యాలి. స్టాల్లో ఉండేది ముగ్గురం: నేను, పెట్టెలు బిగించే హరిబాబు, పెట్టెలో చేపలు ఎండబెట్టి చూపించే అసిరమ్మ. అసిరమ్మది సముద్రం ఒడ్డున పల్లె, యాభయ్యేళ్ళుగా చేపలతోనే బతుకు.

ఆయన గీత అవతలికి వెళ్ళి రకరకాల సందర్శకుల్లా తిరిగొచ్చేవారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే ఎగుమతి వ్యాపారి. బుగ్గన కిళ్ళీ పెట్టుకుంటే ఉచితంగా ఇచ్చే సంచి కోసమే వచ్చిన పెద్దమనిషి. తువ్వాలు ముసుగేసుకుంటే పల్లెటూరి ముసలమ్మ.

“ఇదేటమ్మా?” అన్నారు ముసలమ్మగా వచ్చి.

“ఇది సౌరశక్తితో తేమ శాతాన్ని పదిహేనుకి దించి, తద్వారా బూజు పెరుగుదలని…” అని నేను మొదలుపెట్టాను.

ముసుగు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి ముసుగు లేకుండా ఆయనొచ్చారు. “అమ్మాయ్, ఆవిడ నీ దగ్గర లేదు. పక్క స్టాల్లో అప్పడాలు కొనుక్కుంటోంది.”

తర్వాత అసిరమ్మ వంతు. అదే ముసుగు, అదే ప్రశ్న.

“సేప. నోట్లో ఏసుకో. ఇసక తగిల్తే నన్ను తిట్టు,” అంది అసిరమ్మ.

ఆయన ముసుగులోనే చప్పట్లు కొట్టి, ఆ సాయంత్రం నా పేరిట ఒక కార్డు రాశారు. ఏం కావాలి: ‘ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పే అవకాశం’.

నా అసలు భయం అది కాదు. పాప జస్వితకి అప్పటికి పదినెలలు. రోజంతా ఎప్పుడూ నన్ను వదిలి ఉండలేదు. షెడ్డు ఇంటికి రెండు వీధుల దూరమే కాబట్టి మధ్యాహ్నం పరిగెత్తుకెళ్ళి చూసుకుని వచ్చేదాన్ని. ఇప్పుడేమో మూడు రోజులు. ఎండలో దుమ్ములో పిల్లని తిప్పడానికి వీల్లేదు, ఇక్కడే ఉండనీ అని మా అత్త బుల్లమ్మ తేల్చేసింది. నేను భాస్కర్‌తో ఒప్పందం చేసుకున్నాను: ఈ మూడు రోజులూ పాప నేను లేకుండా ఉండగలిగితే ఉద్యోగం చేస్తాను, లేకపోతే మానేస్తాను. రాజీనామా కాగితం రాసి, తేదీ ఖాళీగా ఉంచి సంచిలో పెట్టుకున్నాను. అత్తకి చదువు రాదని తెలిసీ నాలుగు పేజీల సూచనలు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఆవిడ వాటి మీద కూరల సంచి తగిలించింది.

మొదటి రోజు పొద్దున్నే ఫోన్లు డబ్బాలో పడ్డాయి. గణపతిరావు గారు డబ్బా చంకలో పెట్టుకుని గంటకోసారి టీకని వెళ్ళేవారు. మాకు ఒక్కసారీ తెచ్చింది లేదు. “ఈయన టీ తాగుతన్నాడా, టీకొట్టు కొంటన్నాడా?” అని హరిబాబు గొణిగాడు.

స్టాల్లో మాత్రం జనం విరగబడ్డారు. అసిరమ్మ ఒక్కొక్కరి అరచేతిలో రెండేసి ఎండు నెత్తళ్ళ చేపలు పెడుతుంటే నేను కార్డులు రాశాను. సాయంత్రానికి అరవై ఒకటి. గణపతిరావు గారు అన్నీ శ్రద్ధగా చదివారు. ‘ఏం కావాలి’ గడిలో యాభై ఎనిమిది మందికి నెత్తళ్ళే కావాలి. ఇద్దరికి సంచి. ఒకాయనకి మరుగుదొడ్డి ఎటో తెలియాలి. పెట్టె కావాలన్నవాళ్ళు ఒక్కరూ లేరు. చేపలు అంత రుచిగా ఎండబెట్టడం మా తప్పే. రేపట్నుంచి ముందు వెచ్చటి గాజుమూత మీద చెయ్యి పెట్టించి, తర్వాతే చేప ఇవ్వాలని ఆయన నిర్ణయించారు.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే అత్త, “తిన్నాది, ఆడుకున్నాది, ఫోనెట్టెయ్,” అని పెట్టేసింది. అంత తక్కువ సమాచారంతో నిర్ధారణకి రాకూడదని నాకు కాలేజీలో నేర్పారు. విజయనగరంలోనే మా పెద్దమ్మ ఇంట్లో పడుకున్నానన్నమాటే గానీ, ఉన్న రోగాలన్నీ వరసగా గుర్తుచేసుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం పక్క వరసలో ఎవరి బిడ్డో ఏడ్చింది. అచ్చం మా పాప గొంతే. అప్పుడే చీపురుపల్లి మహిళా సంఘం నుంచి వచ్చినావిడ గాజుమూత మీద చెయ్యి పెట్టి, లోపల వేడి ఎంత దాకా వస్తుందని అడిగింది. నిజంగా పెట్టె కోసం వచ్చిన మొట్టమొదటి మనిషి.

“నూటొకటి దాటితే తడిగుడ్డ వెయ్యాలండీ,” అన్నాను.

ఆవిడ చెయ్యి తీసేసింది. అసిరమ్మ నన్ను పక్కకి జరిపి, “ఈ పిల్లకి కొంచెం ఒంట్లో బాగునేదు, నన్నడగండమ్మా,” అంది.

ఇంక నా వల్ల కాదనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. ఫోన్ తీసుకుని, రాజీనామా ఇచ్చేసి రైలెక్కేద్దామని టీకొట్టు వైపు నడిచాను.

టీకొట్టు వెనక బల్ల మీద ఆయన ఉన్నారు. పక్కన టీ మీగడ కట్టి ఉంది. చెవి దగ్గర ఫోను, మోకాలి మీద పసుపు కార్డు.

“ఎన్ని చెంచాలు?” అంటున్నారు. “ఏడా? అందులో ఉమ్మేసినవి ఎన్ని? అవి లెక్కలోకి రావు బుల్లమ్మ గారూ.”

నన్ను చూసి ఆయన తడబడలేదు. ఫోన్ పెట్టేసి, జేబులోంచి రబ్బరుబ్యాండు వేసిన కార్డుల కట్ట తీసి ఇచ్చారు. నిన్నటివీ ఇవాళ్టివీ కలిపి పన్నెండు. పైది చదివాను.

‘పేరు: జస్విత. ఊరు: కోటబొమ్మాళి. ఏం కావాలి: అమ్మ. దొరకలేదు. అయిదు నిమిషాలు ఏడుపు. కాకిని చూపిస్తే సర్దుకుంది. మళ్ళీ ఎప్పుడు: 11.30.’

తర్వాతి దాంట్లో ఉగ్గు. ఆ తర్వాత నిద్ర, యాభై నిమిషాలు. రెండు తుమ్ములు, జ్వరం లేదు, అత్త చేత రెండుసార్లు ఒళ్ళు పట్టి చూపించారు. నేను ఫ్రిజ్‌కి అంటించిన ప్రశ్నలన్నిటికీ జవాబులు ఇక్కడున్నాయి. ఇంత మంచి పరిశీలనా పట్టిక నా ఎమ్మెస్సీ రికార్డులో కూడా లేదు.

“నంబరు మీకెక్కడిది సార్?”

“ఉద్యోగంలో చేరేటప్పుడు, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలన్న చోట నువ్వే రాసిచ్చావు.”

“నాకు చెప్పొచ్చు కదా.”

“మొదటి కార్డు చూపిస్తే రెండోది రాసే పనుండేది కాదు. నువ్వు రైల్లో ఉండేదానివి. నిజంగా ఏమైనా అయితే పంపడానికి వ్యాను గేటు దగ్గరే ఉంది, ముక్కు రోడ్డు వైపు పెట్టించాను. హరిబాబుకి కూడా తెలీదు, వాడికి చెప్తే నీకు చెప్పేస్తాడు.”

ఇంకెవరైనా అయితే అక్కడ కళ్ళు తుడుచుకునేవారు. నేను కార్డులు వరసగా పేర్చి, నిన్న సాయంత్రం నాలుగున్నరది లేదేమని అడిగాను.

“అప్పుడు ఆవిడ తిట్టి పెట్టేసింది,” అన్నారాయన. “తిట్లు రాసుకునే గడి లేదు.”

స్టాల్‌కి తిరిగొచ్చేసరికి చీపురుపల్లి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. వాళ్ళు చేపలు కాదు, మిరపకాయలు ఎండబెట్టుకుంటారట. ఈసారి ఆవిడ అడిగినదానికే జవాబు చెప్పాను. మా ఫోన్ నంబరు రాసివ్వడానికి చేతికి దొరికిన కాగితం రాజీనామాదే. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని దాని మీదే రాసిచ్చి పంపాను.

మూడో రోజు సాయంత్రం ఇంటికి చేరాను. పాప నన్ను ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూసి, కాసేపు ఆలోచించి, తర్వాత మెడకి చుట్టుకుంది. అత్త మాత్రం గుమ్మంలోనే పట్టుకుంది.

“ఎవలే ఆ ముసిలాయన? గంటకోపాలి ఫోన్ సేసి పిల్ల ఏటి తిన్నాది, ఎంత తిన్నాది అని పేణం తీసీసినాడు. నానేటి పిల్లని ఎండబెట్టేత్తన్నానా?”

తప్పు నాదేనని, ఇక మీదట చెయ్యొద్దని సార్‌కి చెప్తానని బతిమాలుతూండగానే ఆవిడ ఫోన్ మోగింది. ప్రదర్శన అయిపోయింది, నేను ఇంట్లోనే ఉన్నాను, అయినా గంట కావడంతో ఆయన చేసేశారు. ఆయనకి సర్దిచెబుదామని చెయ్యి చాపాను. అత్త ఫోన్ వెనక్కి లాక్కుంది.

“నీకు కాదు, నాకు సేసినాడు. నువ్వు పిల్లని సూసుకో.”

వీధరుగు మీదికెళ్ళి, కొంగు సర్దుకుని, కాళ్ళు చాపుకుని తీరిగ్గా కూర్చుంది.

“ఆ, సెప్తన్నాను బాబూ, రాసుకోండి. నలుగుర్ని పెంచినాను, ఏటి పెట్టినావని ఒకలూ అడగనేదు.”