చాప ఏ పద్దులోకి వస్తుంది

కస్టమ్స్ పనిలో అన్నిటికంటే పెద్ద సర్టిఫికెట్ సంపాదించినప్పటి నుంచి, ఆక్లండ్ రేవులో సరుకులు విడిపించే ఏజెంటు విటేకర్ కళ్లద్దాలు తుడుచుకోనిదే ఎవరికీ జవాబివ్వడు. గురువారం సమోవా ముసలావిడ సెఫీనా వచ్చింది. చనిపోయిన భర్త మీద కప్పడానికి సమోవాలోని అపియా నుంచి మరిది పంపిన నాజూకు అల్లిక చాప రేవులో ఆగిపోయింది.

"ఈ చాప నేలమీద పరిచేదా, ఒంటికి చుట్టుకునేదా?" అన్నాడు విటేకర్, ఏ సరుకుకి ఎంత సుంకమో పద్దులవారీగా ఉన్న లావుపాటి పుస్తకం తిరగేస్తూ.

"పోయినవాళ్ల మీద కప్పేది నాయనా. శనివారమే పూడుస్తాం."

"అలాంటి పద్దు ఇందులో లేదు మేడమ్. తొందరపడి తప్పు రాస్తే నా సర్టిఫికెట్‌కే మచ్చ."

సోమవారం అతనే ఫోన్ చేశాడు. "పద్దు దొరికింది మేడమ్. చాప తీసుకెళ్లొచ్చు."

"మా ఆయన్ని మొన్ననే పూడ్చేశాం."

"అదృష్టవంతులు," అన్నాడు విటేకర్ తృప్తిగా, "ఒక్క డాలరు కూడా సుంకం పడలేదు."